గో లైవ్ తర్వాత మాయమయ్యేవాళ్లం

కాలేజీలకు, నర్సింగ్ హోములకు, ట్రస్టులకు, చిన్న కంపెనీలకు వెబ్‌సైట్లు కట్టి పొట్టపోసుకునే మా బాపతు మనుషులు హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో వీధికొకరు తగులుతారు. అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చినవాళ్లం, ఉద్యోగం మానేసి రెండు కుర్చీలతో ఆఫీసు తెరిచినవాళ్లం, పగలు కంపెనీకి, రాత్రి ఫ్రీలాన్స్‌కి పనిచేసేవాళ్లం. అందరి బతుకూ మూడు పేర్ల మీదే నడిచింది. జూమ్లా, డ్రూపల్, వర్డ్‌ప్రెస్. మూడూ ఊరికే దొరికేవే. ఊరికే దొరికినదాన్ని మేం ఎలా అమ్ముకున్నామో మా నోటితో మేం చెప్పుకోవాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది.

మా దగ్గరికొచ్చే పనుల్లో ఎక్కువ భాగం "పాత సైట్ బాగోలేదు, కొత్తది చేసిపెట్టండి" అనే పనే. ఆ పాత సైట్ ఎవరు కట్టారు? మేమే, లేదా మాలాంటివాళ్లే. ఎందుకు పాడైంది? కట్టిన రోజు నుంచి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి. మేం ఎగ్గొట్టిన పని పెరిగి పెద్దదై మళ్లీ మాకే కాంట్రాక్టుగా వస్తోంది. దానికి రీడిజైన్ అని పేరుపెట్టి, అడ్వాన్సు తీసుకుని, మళ్లీ అలాగే కట్టి, మళ్లీ అలాగే వదిలేస్తున్నాం.

"సాఫ్ట్‌వేర్‌కి మీరు పైసా కట్టక్కర్లేదండీ, ఓపెన్ సోర్స్. మా లేబర్ ఖర్చే." కొటేషన్ చేతిలో పెట్టేటప్పుడు మేం చెప్పే మాట ఇది. అబద్ధం కాదు. డ్రీస్ బయ్‌టార్ట్ 2001లో బయటపెట్టిన డ్రూపల్, మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ 2003 మే 27న విడుదల చేసిన వర్డ్‌ప్రెస్, 2005లో మాంబో నుంచి విడిపోయి వచ్చిన జూమ్లా, మూడింటికీ జీపీఎల్ లైసెన్సే. ఎవరైనా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, వ్యాపారానికి వాడుకోవచ్చు. మేం మింగేసింది తర్వాతి వాక్యాన్ని. ఇంతమంది వాడే కోడ్‌లో లోపాలు బయటపడుతూనే ఉంటాయి. వాటికి ప్యాచ్‌లు వస్తూనే ఉంటాయి. వచ్చినదాన్ని తీసుకెళ్లి ఆ సైట్లో పెట్టడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. ఆ లైను మా కొటేషన్లలో ఎప్పుడూ లేదు. రాస్తే రేటు పెరుగుతుంది, పక్క వీధివాడు పని ఎగరేసుకుపోతాడు. అందుకని సైట్‌ని పెళ్లి మండపం డెకరేషన్‌లా అమ్మాం. ప్రారంభోత్సవం రోజు వీఐపీ వచ్చి బటన్ నొక్కి, ఫొటో పేపర్లో పడితే మా పని అయిపోయినట్టు.

అప్పగించే రోజు క్లయింటు మనిషికి అరగంట ట్రైనింగ్ ఇస్తాం. ఫొటో ఎలా పెట్టాలి, సర్క్యులర్ ఎలా ఎక్కించాలి, ఇవే. లేవబోతూ ఒక జాగ్రత్త కూడా చెబుతాం. "ఇక్కడ ఎర్రగా అంకె వేసి అప్‌డేట్ అని వస్తుంటుంది సార్. దాన్ని మాత్రం నొక్కకండి. సైట్ పోతుంది."

ఆ మాట నిజమే. నొక్కితే పోతుంది. పోయేలా కట్టింది మేమే. క్లయింటు అడిగిన మార్పుల్ని నేరుగా థీమ్ ఫైళ్లలోనే గెలికాం. అప్‌డేట్ వస్తే ఆ ఫైళ్ల మీద కొత్తవి పడతాయి, మా గెలుకుడంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఇలా జరగకూడదనే వర్డ్‌ప్రెస్‌లో చైల్డ్ థీమ్ అనే ఏర్పాటుంది. ఒక ఫోల్డరు, అందులో ఒకటి రెండు చిన్న ఫైళ్లు, మన మార్పులన్నీ అక్కడ. టీ చల్లారేలోపు అయిపోయే పని. దాన్ని చెయ్యకుండా క్లయింటుని భయపెట్టాం. అంతటితో ఆగామా అంటే అదీ లేదు. 2013 అక్టోబరులో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ చిన్న చిన్న భద్రతా దిద్దుబాట్లను తనంతట తానే పెట్టుకోవడం మొదలుపెట్టింది. మాలాంటి బద్ధకస్తులు ఉంటారని తెలిసే పెట్టిన ఏర్పాటు అది. కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క లైను రాసి దాన్నీ ఆపేశాం. అర్ధరాత్రి ఏదైనా విరిగితే పొద్దున్నే ఫోను వస్తుందని మా భయం. ఫోను రాకుండా చూసుకోవడాన్నే సైట్ చూసుకోవడం అనుకున్నాం.

హోమ్ పేజీలో తిరిగే బొమ్మలు లేకపోతే ఏ కరస్పాండెంటు గారూ సైట్ ఒప్పుకోని రోజులుండేవి. అందుకు రివల్యూషన్ స్లైడర్ అనే ప్లగిన్ వాడేవాళ్లం. కొన్నది కాదు, థీమ్‌తో కలిపి వచ్చింది. కొందరం ఆ థీమ్ కూడా కొనలేదు, లైసెన్సు పీకేసిన నల్డ్ కాపీ దించుకున్నాం. ఆ స్లైడర్‌లో ఒక రంధ్రం ఉండేది. బయటివాడు దాని గుండా డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైల్‌నే దించుకోవచ్చు. తయారుచేసినవాళ్లు 2014 ఫిబ్రవరిలోనే గుట్టుగా సరిచేశారు. థీమ్‌తో కలిపి వచ్చిన కాపీకి సొంత లైసెన్సు కీ ఉండదు, కాబట్టి అప్‌డేట్ కబురు కూడా సైట్‌కి అందదు. సెప్టెంబరుకల్లా విషయం బహిరంగమైంది. డిసెంబరులో సోక్‌సోక్ అనే మాల్‌వేర్ విరుచుకుపడితే గూగుల్ 11,000కు పైగా డొమైన్లను బ్లాక్‌లిస్టులో పెట్టింది. 2016లో పనామా పేపర్స్ బయటికొచ్చాక, ఆ పత్రాలు లీకైన మొసాక్ ఫొన్సెకా లా ఫర్మ్ సైట్లో ఇదే స్లైడర్ పాత వెర్షను, క్లయింట్ పోర్టల్లో పాతబడిన డ్రూపల్ ఉన్నాయని భద్రతా నిపుణులు చూపించారు. లీకు ఆ దారిలోనే జరిగిందని తేలలేదు. కానీ ఆ కథనాలు చదివిన రోజు మాలో ఎంతమందిమి మా క్లయింట్ల సైట్లు తెరిచి ఆ స్లైడర్ వెర్షన్ చూశాం? వాట్సాప్ గ్రూపులో లింకు పంచుకుని, నవ్వుకుని, మరుసటి రోజు కొత్త క్లయింటుకి అదే జిప్ ఫైల్ ఎక్కించాం.

డ్రూపల్ వాళ్లు మమ్మల్ని హెచ్చరించినంతగా ఇంకెవరూ హెచ్చరించి ఉండరు. 2014 అక్టోబరు 15న, మన టైము ప్రకారం రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, డ్రూపల్ 7లో ఒక ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం గురించి ప్రకటన వచ్చింది. ప్యాచ్ అంటే ఒక ఫైల్లో ఒక్క లైను మార్పు. రెండు వారాల తర్వాత వాళ్ల భద్రతా బృందమే ఇంకో ప్రకటన చేసింది. ప్రకటన వచ్చిన 7 గంటల్లోపు ప్యాచ్ పెట్టని ప్రతి డ్రూపల్ 7 సైటూ చేజారిపోయిందనే అనుకోండి అని. మనకు ఆ గడువు తెల్లవారుజామున నాలుగున్నరకి తీరింది. సైట్లు వదిలేసి పడుకున్నాం. నిద్రపోవడం తప్పని అనను. లేచాక, ఆ వారంలో, ఆ నెలలో ఏం చేశాం? కొందరం ప్యాచ్ పెట్టాం. పెట్టి, లోపల ముందే ఎవడైనా దూరాడేమో వెతక్కుండా, పని అయిపోయిందని రాసుకున్నాం. మిగతావాళ్లం అది కూడా చెయ్యలేదు.

జూమ్లా సంగతి ఇంకా సిగ్గుచేటు. 1.5 వెర్షన్ మీద మేం కట్టిన సైట్లు లెక్కలేనన్ని. 2012లోనే దానికి సపోర్టు ఆగిపోయింది. 2015 డిసెంబరులో ఒక పెద్ద లోపం బయటపడితే, ప్యాచ్ రాకముందే దాడులు మొదలయ్యాయి. ఆ వాలంటీర్లు 14వ తేదీన 3.4.6 వెర్షన్ విడుదల చేశారు. దాంతోపాటు, తమకు ఏ బాధ్యతా లేని 1.5కి, 2.5కి కూడా హాట్‌ఫిక్స్ ఇచ్చారు. మూడేళ్ల కిందటే గడువు తీరినదాన్ని ఇంకా వాడుతున్న మాలాంటివాళ్ల కోసం, జీతం లేని మనుషులు కూర్చుని చేసిన పని అది. ఆ ఫైల్ తీసుకెళ్లి క్లయింటు సర్వర్లో పెట్టే ఓపిక కూడా మాకు లేకపోయింది.

జిల్లా కేంద్రంలోని ఒక డిగ్రీ కాలేజీ నుంచి ల్యాబ్ అసిస్టెంటు ఫోను చేశాడు. "అన్నా, మన సైట్ తెరిస్తే ఏదో జూదం ఆట వస్తోందంట. ఎవరో పేరెంటు వచ్చి గొడవ చేశారు. ప్రిన్సిపాల్ మేడం కంప్యూటర్లో మాత్రం బాగానే ఉంది." ఉంటుంది. అడ్రస్ టైపు చేసి నేరుగా వచ్చినవాళ్లకి, లాగిన్ అయినవాళ్లకి అసలు సైటే కనిపిస్తుంది. గూగుల్‌లో వెతికి వచ్చినవాళ్లకి, అందులోనూ ఫోన్లో చూసేవాళ్లకి, ఆన్‌లైన్ స్లాట్ ఆటల పేజీ వస్తుంది. గూగుల్ రోబోకైతే కాలేజీ పేరు మీద వేల పేజీల జూదం లింకులు కనిపిస్తాయి. అందుకే నెలల తరబడి కాలేజీలో ఎవరికీ తెలియలేదు.

లోపలికి వెళితే, అప్‌లోడ్స్ ఫోల్డర్లో, ఫ్రెషర్స్ డే ఫొటోల మధ్య ఒక పీహెచ్‌పీ ఫైలు. పేరు ఫొటో పేరులాగే ఉంది. తెరిస్తే ఒకటే లైను, కుడివైపుకి ఎంత జరిపినా తరగదు, అర్థంలేని అక్షరాల వరుస. ఫొటోలు ఉండాల్సిన చోట ప్రోగ్రాం నడవకూడదని సర్వర్‌కి చెప్పడానికి మూడు నాలుగు లైన్లు చాలు. పెట్టలేదు. అడ్మిన్ యూజర్ పేరు అడ్మినే. పాస్‌వర్డ్ కాలేజీ పొట్టి పేరు, పక్కన ఎట్ 123. బ్యాకప్ ఉందా అంటే ఉంది. అదే సర్వర్లో, ఎవరు అడ్రస్ కొట్టినా దిగిపోయేలా, బ్యాకప్ అనే పేరుతోనే జిప్ చేసి ఉంది. అదే హోస్టింగ్ అకౌంటులో ఇంకో పాతిక మంది క్లయింట్ల సైట్లు. రీసెల్లర్ ప్లాన్ ఒకటి కొని అందర్నీ అందులో సర్దేశాం కదా. ఒక ఇంటికి అంటుకున్నది వీధంతా అంటుకుంది.

శుభ్రం చేశాం. సెక్యూరిటీ ఆడిట్ అని పేరుపెట్టి బిల్లు వేశాం. అడ్మిషన్ ఫారాల్లో పిల్లలిచ్చిన ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఆ డేటాబేస్‌లోనే ఉన్నాయి. ఆ సంగతి ఒక్క విద్యార్థికీ చెప్పలేదు, చెప్పమని కాలేజీకీ చెప్పలేదు. ఇలాంటి చొరబాటు తెలిసిన 6 గంటల్లో తమకు తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. మా సర్కిల్లో ఆ మాట ఎత్తినవాడిని పిచ్చివాడిలా చూస్తారు. "ఎందుకు బ్రో మనకి తలనొప్పి" అనేదే మా వృత్తి ధర్మం.

డ్రూపల్ 7 నుంచి 8కి మారడం మామూలు అప్‌గ్రేడ్ కాదు. 2015 నవంబరులో వచ్చిన 8వ వెర్షన్ని సింఫనీ అనే ఫ్రేమ్‌వర్క్ మీద కొత్తగా కట్టారు, థీమ్‌లు ట్విగ్ అనే టెంప్లేట్ భాషలోకి మారాయి, పాత మాడ్యూల్ ఏదీ నేరుగా నడవదు. సైట్ మళ్లీ కట్టి, కంటెంటు మాత్రం తరలించుకోవాలి. ఈ ఖర్చు చిన్న సంస్థలు మోయలేవని వాళ్లకీ తెలుసు. అందుకే డ్రూపల్ 7 సపోర్టు ఆపే తేదీని 2021 నవంబరు నుంచి 2022కి, అక్కణ్నుంచి 2023కి, చివరికి 2025 జనవరి 5కి జరిపారు. జరిపిన ప్రతిసారీ మాకు పండగే. క్లయింటుకు చెప్పకుండా ఇంకో ఏడాది గడిపేయొచ్చు. ఇక్కడ మా తప్పు బద్ధకంతో ఆగలేదు. డ్రూపల్ 7 నుంచే పుట్టిన బ్యాక్‌డ్రాప్ అనే సిస్టమ్ 2015 జనవరి నుంచి ఉంది. తక్కువ బడ్జెట్ ఉన్న సంస్థల్ని దృష్టిలో పెట్టుకుని చేసిందే అది, 7 నుంచి దానికి మారే దారి కూడా ఉంది. ఒక స్వచ్ఛంద సంస్థకు, ఒక లైబ్రరీకి అది సరిపోతుందని మాకు తెలుసు. చెబితే మా ప్రాజెక్టు చిన్నదైపోతుంది. చెప్పలేదు. చెప్పనందుకు ఫలితం, వాళ్లు కొత్త వెర్షన్‌కీ పోలేదు, బ్యాక్‌డ్రాప్‌కీ పోలేదు. 2025 జనవరి తర్వాత కూడా డ్రూపల్ 7 మీదే కూర్చున్నారు.

తెలుగు సైట్ల దగ్గర మేం చేసిన పాపానికి క్షమాపణ కూడా ఎవర్ని అడగాలో తెలియదు. పాత డేటాబేస్ లాటిన్ ఎన్‌కోడింగ్ అని రాసిపెట్టుకుని ఉంటుంది, లోపల ఉన్నది యూనికోడ్ తెలుగు. కొత్త సర్వర్‌కి మార్చేటప్పుడు ఆ సంగతి చూసుకోకపోతే, నెత్తిన ఏటవాలు గీత ఉన్న ఇంగ్లిష్ 'ఎ', పక్కన డిగ్రీల సున్నా, మళ్లీ అదే జంట, పేజీ నిండా. అక్కడ ఆగి సరిచేసుకుంటే తెలుగు వెనక్కి వస్తుంది. హడావిడిలో దాన్నే ఇంకో టేబుల్లోకి తోస్తే ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. ప్రశ్నార్థకమైంది ఇక తెలుగు కాదు. పాత బ్యాకప్ లేకపోతే ఆ వ్యాసం పోయినట్టే. ఇలా ఒక ట్రస్టు పదేళ్ల వార్తలు పోగొట్టి, "పాతవి ఎవరు చదువుతారు సార్" అని సర్దిచెప్పినవాళ్లం మాలో ఉన్నాం.

ఇంకొకటి. తెలుగు శీర్షికనే పేజీ అడ్రస్‌గా వాడితే వర్డ్‌ప్రెస్ దాన్ని 200 స్థానాల్లో ఇరికిస్తుంది. ఎన్‌కోడ్ చేస్తే ఒక్కో తెలుగు గుర్తుకి 9 స్థానాలు పడతాయి, గుడి, కొమ్ము, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కే. అంటే ఇరవై రెండు గుర్తుల దగ్గర అడ్రస్ తెగిపోతుంది. తెగిన అడ్రస్‌లు చూడ్డానికి బాగోలేవని కొత్త సైట్లో అన్నీ పొట్టి ఇంగ్లిష్ అడ్రస్‌లుగా మార్చేశాం. మార్చినవాళ్లం పాతదాన్నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ పెట్టాలి. అదొక జాబితా, కూర్చుని రాయాలి. రాయలేదు. ఎవరో ఎప్పుడో తమ వ్యాసంలో ఇచ్చుకున్న లింకులన్నీ ఒక్కరోజులో చచ్చాయి.

అసలు తెలుగుని అక్షరాలుగా పెట్టిందే తక్కువ. క్లయింటు ప్రెస్ నుంచి అను ఫాంట్లలో ఉన్న పేజ్‌మేకర్ ఫైలు పంపేవాడు. యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్ది పెట్టడం ఒక రోజు పని. జేపీజీ చేసి అతికించడం ఒక నిమిషం పని. ఆ బొమ్మలో ఉన్న మాట గూగుల్‌కి దొరకదు, చూపులేనివారి స్క్రీన్ రీడర్ చదవలేదు. బొమ్మ వెనక వివరం రాసే గడి ఖాళీగానే వదిలేశాం. ఫాంట్లు లేక అలా చేశామని చెప్పడానికీ లేదు. మండలి, రామభద్ర, గురజాడ లాంటి యూనికోడ్ ఫాంట్లను సిలికానాంధ్ర వాళ్లు ఓపెన్ లైసెన్సుతో ఇచ్చి చాలా ఏళ్లయింది. ఈమధ్య వాటిని అన్ని సైట్లలో వాడుతున్నాం. బిల్లులో 'తెలుగు టైపోగ్రఫీ' అని ఒక లైను కూడా వేస్తున్నాం.

ఇక్కడ మా వాళ్లు అడ్డుపడతారు. క్లయింట్లు ఏమన్నా తక్కువవాళ్లా అని. కాదు. చైర్మన్ గారి పుట్టినరోజు ఫ్లెక్సీలకు ఆలోచించని కాలేజీ, ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) అనగానే మొహం చిట్లిస్తుంది. కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే నాక్ టీమ్ వస్తోందంటే తప్ప సైట్ గుర్తుకురాదు, అప్పుడు ఐదేళ్ల రిపోర్టులు రెండు రోజుల్లో ఎక్కించమంటారు. నిజమే. మరి ఏఎంసీ కట్టినవాళ్లకి మేం ఏం చేశాం? సంక్రాంతికి, ఉగాదికి, దీపావళికి బ్యానర్ మార్చాం. వెర్షన్ ఎంతకు వచ్చింది, ఏ ప్లగిన్‌ని తయారుచేసినవాళ్లే వదిలేశారు, బ్యాకప్ తెరిస్తే అసలు తెరుచుకుంటుందా అన్న మూడు ముక్కల రిపోర్టు ఎవరికీ పంపలేదు. మేం చేసేదేమిటో కళ్లకు కనిపించనప్పుడు డబ్బు కట్టనివాళ్లను ఏమనగలం? హోస్టింగ్ కంపెనీ పాత పీహెచ్‌పీ తీసేసి సైట్ తెల్ల పేజీ అయిపోయిన రోజు మాత్రం, "మీరు ఏఎంసీ కట్టలేదు కదా సార్" అని గుర్తుచెయ్యడం మర్చిపోలేదు.

అందరికంటే ఎక్కువ నష్టపోయింది తాళాలు మా దగ్గర ఉండిపోయినవాళ్లు. డొమైన్ మా మెయిల్ ఐడీ మీద, హోస్టింగ్ మా కార్డు మీద. మొదట్లో సౌకర్యం కోసమే. తర్వాత అది మా పట్టు అయింది. వేరేవాళ్ల దగ్గరికి వెళతానంటే పాస్‌వర్డ్ ఇవ్వడానికి వారాలు నానబెట్టాం. మాలో ఒకడు ఉద్యోగం వచ్చి డల్లాస్ వెళ్లిపోతే అతని పాత మెయిల్‌కి రెన్యువల్ నోటీసులు వచ్చి వచ్చి ఆగిపోయాయి. ఒక వృద్ధాశ్రమం డొమైన్ అలా గడువు తీరి, వేలంలో ఎవడో కొనుక్కుని బెట్టింగ్ సైట్ పెట్టుకున్నాడు. విరాళాల రసీదుల మీద ఇప్పటికీ ఆ అడ్రసే అచ్చయి ఉంది.

వర్డ్‌ప్రెస్ మీద సంపాదించేవాళ్లు తమ వనరుల్లో 5 శాతం దానికే వెనక్కి ఇవ్వాలని ములెన్‌వెగ్ 2014లో అన్నాడు. పదేళ్ల తర్వాత ఆయనకీ డబ్ల్యూపీ ఇంజిన్ కంపెనీకీ ఆ విషయం మీద, ట్రేడ్‌మార్క్ మీద గొడవ ముదిరి కోర్టుకెక్కితే, క్రికెట్ స్కోరు చూసినట్టు చూశాం. ఆయన తీరు నచ్చనివాళ్లు మాలో చాలామంది, నాకూ నచ్చలేదు. కానీ అదే ప్రశ్న మమ్మల్ని అడిగితే? ఒక్క బగ్ రిపోర్టు రాయలేదు. వర్డ్‌ప్రెస్ మాటల్ని తెలుగులోకి మార్చడానికి ఎవరైనా లాగిన్ అయి చెయ్యొచ్చు. తెలుగు సైట్ అని డబ్బు తీసుకుని 'రీడ్ మోర్' బటన్ని ఇంగ్లిష్‌లోనే వదిలేసిన మేం, అక్కడికి వెళ్లి పది వాక్యాలు కూడా మార్చలేదు.

తోటివాళ్లకు చెప్పేది ఒకటే. పాత క్లయింట్ల జాబితా మీ అందరి దగ్గరా ఉంది, జీఎస్టీ ఇన్‌వాయిస్‌ల కోసం దాచుకున్నదే. ఇప్పటికీ డ్రూపల్ 7 మీద, జూమ్లా 3 మీద, ఆపేసిన అప్‌డేట్లతో వర్డ్‌ప్రెస్ మీద ఉన్న సైట్లు అందులో వెతికి, వాళ్లకు ఉన్న పరిస్థితి ఉన్నట్టు రాయండి. కొటేషన్ జతచెయ్యకుండా రాయండి.

ఇక సైట్ ఉన్నవాళ్లకు. కాలేజీ కావచ్చు, ఆసుపత్రి కావచ్చు, గుడి కమిటీ కావచ్చు. మీ డొమైన్ ఎవరి పేరున, ఎవరి మెయిల్ మీద ఉందో ఈ వారమే కనుక్కోండి. హోస్టింగ్ పాస్‌వర్డ్, అడ్మిన్ పాస్‌వర్డ్, మొత్తం సైట్ బ్యాకప్ ఒక పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. ఆ బ్యాకప్ నిజంగా పనిచేస్తుందో లేదో మీ ఎదుటే తెరిచి చూపించమనండి. అవి మీవి. ఇవ్వడానికి మేం డబ్బులడిగితే ఇవ్వకండి.